మలుపు కాడి మనిషి

ఈగలకు కూడా తారీఖు ఉంటుందా అనుకుంది హెప్సిబా, ఏ ఎండాకాలం ఏ ఈగ వచ్చి ఈ ఘాట్‌రోడ్డు మీద వాలి పోయిందో ఎవరు రాసిపెట్టారు, రాసి ఉంటే ఎంత బాగుండేది, నలభై మూడు కార్డుల మీదా ఈగ మచ్చలే, కొండల మీద, లోయల మీద, ఎద్దుబండి మీద, దొరల కారు గుడ్డకప్పు మీద, ఆవగింజలో సగమంత నల్లటి మచ్చలు, తుడిచీ తుడిచీ చెయ్యి ఎంత అలవాటు పడిందంటే బొమ్మల మాస్టర్లు వాడే ఆ మెత్తని ముద్ద రబ్బరు దొరికితే చాలు, వేలు తనంతట తానే మచ్చను వెతుక్కుంటూ పోతుంది, పోయింది, ఇప్పుడే పోయింది, నలభై నాలుగో కార్డులో మలుపు కాడ నిలబడ్డ మనిషి మొహం మీద మచ్చ ఉందనుకుని మూడుసార్లు అద్దింది, మెల్లగానే అద్దింది, మచ్చ పోతే కింద మొహం కనిపిస్తుందనుకుంది, కింద మొహం లేదు, ఆ మచ్చే మొహం, మచ్చ సగం పోయేసరికి తాత తల సగం పోయింది.

పక్క గదిలో అమ్మ నిద్రపోతోంది, రాహేలమ్మ, తొంభై ఏళ్ళ మనిషి, గడియారం పెట్టినట్టు నాలుగింటికి లేస్తుంది, లేచి మొహం కడుక్కుని చాయ తాగి, ఏది బిడ్డా మా నాయినను చూపియ్యి అంటుంది, పొద్దున్నే చెప్పి పెట్టింది, నిన్ననే కదా దవాఖానలో కంటి పట్టీ తీశారు, రేపటి నుంచి సన్నవి కూడా చూడొచ్చని డాక్టరమ్మ అనడమే ఆలస్యం, ఆటోలో దారి పొడుగునా ఒకటే చూపు, చౌరస్తాలో బోర్డులన్నీ పైకి చదివింది, బట్టల దుకాణం ముందర బొమ్మకు చీర కుచ్చిళ్ళు సరిగ్గా పెట్టలేదంది, మట్టెవాడ సందులోకి తిరిగాక మన గేటుకు గీ రంగు ఎవడేసిండే అంది, ఇంట్లో అడుగు పెట్టగానే ఫ్యాను రెక్కల మీద దుమ్ము, గోడ మూలన బూజు, చివరికి హెప్సిబా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఏందే హెప్సీ ఇంత ముసల్దానివైనవ్, నాకొక్కలన్న చెప్పలే అంది, నవ్విందో ఏడ్చిందో తెలియలేదు, ఆ కంటికి ఇప్పుడు ఏదీ దాగదు, పదేళ్ళుగా పొర కమ్మిన కళ్ళతో కార్డును చూడలేక చేత్తో తడుముతూ ఈడ కొండ, ఈడ బాట, ఈడ మా నాయిన అని వేలు పెట్టి చెప్పిన మనిషి ఇవాళ నాలుగింటికి మళ్ళీ కళ్ళారా చూడబోతోంది, చూడడానికి ఏముంది అక్కడ, యోసేపు తాతకు ఇంకో ఫోటో లేదు, పెళ్ళిది లేదు, పదిమందిలో నిలబడ్డది లేదు, భూమ్మీద ఆయన రూపం మిగిలిందే అంత, దాన్ని ఆయన మనవరాలే, అదీ కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి, పుస్తకంలో పెన్సిల్ గీత కనిపిస్తే చాలు పిల్లలను వరండాలో నిలబెట్టిన మనవరాలే, రబ్బరు పెట్టి అద్దింది.

సందులో పాత సామాన్ల ఆటో పోతోంది, పాత ఇనుము, పాత ప్లాస్టిక్, పాత పేపర్లు కొంటామని మైకులో అదే గొంతు అదే మాట, పాత కార్డులు అని ఎప్పుడూ అనదు, అని ఉంటే ఈ డబ్బా ఎప్పుడో పోయేది, చర్చి వెనక పాత బంగళా అటక మీద బిస్కెట్ల రేకు డబ్బా దొరికిందని జాన్సన్ తెచ్చి టేబుల్ మీద పెట్టి నెల దాటింది, జాన్సన్ అప్పట్లో ఆమె లైబ్రరీకి వచ్చిన పిల్లవాడే, ఇప్పుడు తనే కాలేజీలో పాఠం చెప్తున్నాడు, చర్చి సంఘం నూరేళ్ళ పండుగకు ప్రదర్శన పెట్టే బాధ్యత అతనిదే, మిషన్ దొరసానులు ఎండాకాలం కొండల మీదికి పోయి ఆడికెల్లి పంపిన కార్డులు మేడం, అన్నీ కొండబాటలే, ఏ సంవత్సరమో ఏ కొండనో ఎవ్వరికి తెల్వది, మీరైతే తేలుస్తరు అన్నాడు, పుస్తకమైతే తేల్చగలదు, పుస్తకానికి మొదటి పేజీ ఉంటుంది, కార్డుకు ఏముంటుంది, అందుకే రెండు సందుల అవతల ఉండే సారంగపాణి సారు దగ్గరికి పోయింది, తపాలా ఆఫీసులో రిటైరై బిళ్ళల ఆల్బమ్‌ల మధ్య కూర్చునే ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి కళ్ళు మూసుకుని, చూడమ్మా హెప్సిబా, ఒక్కొక్క కార్డుకు మూడు పుట్టినరోజులుంటయి, బొమ్మ దిగిన దినం, అచ్చయిన దినం, తపాలా డబ్బాల పడ్డ దినం, అందరు మూడోదాన్నే పట్టుకుంటరు, ముద్ర మీద కనపడ్తది గద, నువ్వు మొదటిదాన్ని పట్టు, అది బొమ్మలనే ఉంటది, బాట చూడు, తారు పోసిన్రా ఉత్త కంకరనా, లోయ పక్కకు గోడ కట్టిన్రా రాళ్ళు పాతిన్రా, కారు చక్రాలకు కట్టె ఆకులున్నయా, తీగల స్తంభాలున్నయా, అన్నీ అయినంక వెనక్కి తిప్పి బిళ్ళ మీది రాజును చూడు, గడ్డమున్న రాజైతే ముప్పై ఏడుకు ముందు, గీక్కున్న రాజైతే ఆ తర్వాత, అని ఒక్క పూటలో చెప్పేశాడు, ఆ తర్వాత నెల రోజులు ఆమె కొండలు దిగలేదు, మట్టెవాడ ఇంట్లో ఫ్యాను కింద కూర్చునే ఎన్ని మలుపులు తిరిగిందో, ముందు చూడడం, తర్వాత కొలవడం, కుంచెతో దుమ్ము దులపడం, రబ్బరుతో మచ్చలు అద్దడం, ఆ తర్వాతే ఫోటో తీసి రిజిస్టర్‌లో ఎక్కించడం, ఇదీ వరుస, ఎంత తెలివితక్కువ వరుస, ముందే ఫోటో తీసి ఉంటే తాత తల కనీసం ఫోన్‌లోనైనా ఉండేది.

అమ్మ కార్డు డబ్బాలోది కాదు, అమ్మ పాటల పుస్తకంలోది, ఎప్పుడు చూసినా ఆ పుస్తకంలోనే ఉండేది, వెనక నీలం సిరాతో డాక్టరు దొరసాని ముత్యాల్లాంటి తెలుగు, సువార్తమ్మకు సలాములు, యోసేపు క్షేమము, ఈ త్రోవలోనే ప్రతిదినమును నడుచుచున్నాడు, నీ బిడ్డకు ముద్దులు, అంతే, సువార్తమ్మ అమ్మమ్మ, బిడ్డ నాలుగేళ్ళ రాహేలు, యోసేపు ఆ ఎండాకాలమే మొదటిసారి దొరసాని వెంట వంటమనిషిగా నీలగిరి పోయాడు, కార్డు మే నెలలో వచ్చింది, జూన్ వానల్లో జ్వరం వచ్చి ఆయన అక్కడే పోయాడు, అక్కడే పూడ్చారు, ఆ కబురు మోసుకొచ్చిన ఉత్తరాన్ని ఎవరూ దాచలేదు, కార్డు మాత్రం దాచారు, కార్డులో ఒక కొండ, కొండ నడుముకు చుట్టుకున్న బాట, కింది మలుపులో ఒక కారు, పై మలుపు కాడ తెల్లటి బట్టల్లో ఒక మనిషి, గోరంత మనిషి, కుడిచెయ్యి మడిచి రొమ్ము మీద పెట్టుకున్నట్టు ఒక నల్ల గీత, చూసినవా మా నాయిన గుండె మీద చెయ్యి పెట్టుకుండు, నన్ను తల్సుకుంటాండు అని అమ్మ చెప్పేది, హెప్సిబా నమ్మింది, తాత అలాగే ఉంటాడనుకుంది, బళ్ళో పిల్లలు మా తాత పట్వారీ, మా తాత పోలీసు అని చెప్పుకుంటే, మా తాత కొండ మీద ఉన్నాడు అని చెప్పింది.

మొన్న మంగళవారం దాకా ఉన్నాడు, మంగళవారం సాయంత్రం కార్డు మూలన సన్నటి అంకె కనిపించింది, రెండు వందల పన్నెండు, ఎక్కడో చూసినట్టు ఉందే అని డబ్బాలో వెతికితే రెండు వందల పదకొండు దొరికింది, అదే కంపెనీ, అదే కొండ, అదే కారు, కాకపోతే ఇంకాస్త కింద, ఒకే పొద్దున ఒకే మనిషి పది అడుగులు నడిచి రెండో బొమ్మ తీసినట్టు, వెనక తిప్పితే గడ్డమున్న రాజు, పందొమ్మిది వందల ఇరవై ఏడు ముద్ర, అంటే రెండు వందల పన్నెండు కూడా అప్పటికే పుట్టింది, పుట్టి పదకొండేళ్ళు కొండ మీది ఏ దుకాణంలోనో పడి ఉంది, ఆ పదకొండేళ్ళ తర్వాత దొరసాని కొని రాసి తపాలా డబ్బాలో వేసింది, సారంగపాణి సారు రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, ఈమెను చూసి, మళ్ళీ కార్డులను చూసి, అమ్మా, గీ మనిషి మీ తాత గాదు అన్నాడు, అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎవరో పుణ్యాత్ముడు అన్నాడు, ఇరవై ఏడులో యోసేపు పాలకుర్తి అవతల పదిహేనేళ్ళ జీతగాడు, బర్రె వీపు మీద పడుకుని ఉంటాడు, కొండంటే గుడి ఉన్న గుట్టే తెలుసు వాడికి, నీలగిరి పేరు కూడా విని ఉండడు, ఇంటికి వచ్చి రిజిస్టర్‌లో బొమ్మలో మనుషులు అన్న గడిలో పెన్సిల్‌తో గుర్తు తెలియని వ్యక్తి అని రాసింది, పెన్సిల్‌తో ఎందుకు రాసిందో ఆమెకే తెలియదు, మిగతావన్నీ పెన్నుతోనే రాసింది, అమ్మకు చెప్పలేదు, కంటి పట్టీ ఉంది కదా, తీయనీ అనుకుంది, ఎవరో పుణ్యాత్ముడే కానీ, మనిషైతే ఉన్నాడు కదా, అమ్మ ఆయన్నే నాయినా అని పిలుచుకుంటే ఆయనకేం నష్టం అనుకుంది.

ఇప్పుడు ఆ పుణ్యాత్ముడు కూడా లేడు, భూతద్దం దగ్గరికి జరిపితే తెల్లటి ఒళ్ళు నిటారుగా, అంచులు చెక్కినట్టుగా, పైన గుండ్రంగా, మెడ లేదు, భుజాలు లేవు, సున్నం వేసిన ఫర్లాంగు రాయి, గుండె మీద చెయ్యి అంటే ఏడు అంకె, మోచెయ్యి మడిచినట్టు ఏడు, ఎంత స్పష్టంగా ఉంది, సారంగపాణి సారు చూస్తే కుర్చీలోంచి లేచి గంతేస్తాడు, రాయి మీద అంకె దొరికితే ఇక కావలసిందేముంది, ఏ ఘాట్‌రోడ్డో పట్టుకుంటే బొమ్మ ఏ ఫర్లాంగు కాడ తీశారో వేలు పెట్టి చూపొచ్చు, నలభై మూడు కార్డుల్లో దేనికీ దొరకని అదృష్టం, దొరికిన కార్డు ఇది, ఆమె భూతద్దం పక్కన పెట్టి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, చేతులను కాసేపు ఏ పనికీ పోనివ్వకూడదు అనుకుంది.

ఫోన్ మోగింది, అమ్మ లేస్తుందని గబుక్కున ఎత్తింది, జాన్సన్, మేడం డిస్టర్బ్ చేసిన్నా, ఆదివారమే గద ఓపెనింగ్, మీ తాతగారి కార్డు నట్టనడుమ అద్దాల పెట్టెల పెడ్తున్నం, అందరు అదే అడుగుతాండ్రు, దొరసాని తెలుగుల రాసిన కార్డు ఒక్కటే గద, కింద పేరు ఏం రాయాల్నో చెప్తే ప్రింట్ కొట్టిస్త, యోసేపు గారు, నీలగిరి, వెయ్యి తొమ్మిది వందల ముప్పై ఎనిమిది, అంతే గదా మేడం, అన్నాడు, అంతే అని హెప్సిబా అంటే ఒక్క మాటతో అయిపోయేది, ఇంతకాలం చెల్లిన మాట ఇంకో ఆదివారం చెల్లదా, ఎవరు భూతద్దం పట్టుకుని వస్తారు, కానీ అద్దాల పెట్టె ముందర కొత్త కళ్ళతో అమ్మ నిలబడుతుంది, పక్కన సారంగపాణి సారు నిలబడతాడు, ఆయన నోరు మూసుకుంటాడు కూడా, ఆ మూసుకోవడమే తను భరించలేదు, రేపు చెప్తా బాబూ, ఇంకో ముక్క తేలాలి అంది, మీ తాతగారి కార్డుకు గూడ తేల్చేడిదున్నదా మేడం అని జాన్సన్ నవ్వాడు, ఉంది అంది.

పెన్సిల్ డబ్బాలో టూబీ పెన్సిల్ ఉంది, చెక్కి ఉంది కూడా, రాయి నెత్తి మీద సన్నగా ఒక్క చుక్క, సగం మిగిలే ఉంది కదా, మిగతా సగం ఎవరికి తెలుస్తుంది, పెన్సిల్ ఎత్తింది, మొన కార్డు దాకా పోయింది, ముప్పై ఏళ్ళ లైబ్రరీ ఆ మొన మీద కూర్చుంది, వరండాలో నిలబెట్టిన పిల్లలందరూ కిటికీలోంచి చూస్తున్నట్టనిపించింది, దించేసింది, పోనీ కార్డు జాన్సన్ తీసుకుపోయాడని చెప్తే, ఆదివారం దాకా గడుస్తుంది, ఆదివారం తర్వాత, అలా ఆలోచిస్తూ రబ్బరు ముద్దను వేళ్ళ మధ్య పిసుకుతోంది, వేలికి నలుపు అంటింది, అంటింది సరే, జిడ్డుగా అంటింది, ఈగ మచ్చ ఇలా అంటదు, ఈగ మచ్చ పొడిగా పొరలా లేస్తుంది, నలభై మూడు కార్డుల అనుభవం, ఇది నూనె కలిసిన నలుపు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నున్నగా జారుతోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు, కానీ వేళ్ళకు గుర్తుంది, వేళ్ళు తన చిన్నప్పటి అరికాలును గుర్తు చేశాయి.

కాటుక, సువార్తమ్మ అమ్మమ్మ కాటుక, ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి పట్టిన మసి, వేలితో గీరి నూనె చుక్క వేసి నూరి, జర్దా డబ్బాలో దాచేది, దిష్టి చుక్కలేందమ్మా, మనం ప్రభువు బిడ్డలం, అయ్యగారు చూస్తే ఏమంటడు అని సంఘం పెద్దలు కసురుకుంటే, ఏడ పెడ్తానయ్యా నేను చుక్కలు, చూపియ్యిండ్రి అని పసిపిల్లను ఎత్తి చూపేది, బుగ్గ మీద ఉండదు, నుదుటి మీద ఉండదు, ఎక్కడ ఉంటుంది, అరికాలులో, గుడ్డ కప్పిన అరికాలులో, పాస్టరయ్య వంగి పిల్ల పాదాలు చూడడు కదా, సంఘంలో సగం మంది పిల్లలు అమ్మమ్మ చేతి చుక్క మీద నడిచే పెరిగారు, హెప్సిబా పదో తరగతి పరీక్షలకు కూడా ఆ చుక్క మీదే నిలబడి పోయింది, తెల్ల మేజోడుకు మరక అంటి ఇంటికొస్తే అమ్మమ్మ మేజోడు ఉతుకుతూ, ఫస్టు క్లాసు వస్తదిగ, నాకు ఎరుకే అంది, అలాంటి అమ్మమ్మ మొగుడి బొమ్మకు దిష్టి తగలకుండా చుక్క పెట్టకుండా ఉంటుందా, పెట్టి ఉంటుంది, మనిషనుకుని రాయికి పెట్టింది పిచ్చి తల్లి, ఆ చుక్కే తలైపోయింది, ఎవరూ కావాలని చేయలేదు, అందరూ నమ్మారు, ఇప్పుడు ఈ ముక్క అమ్మకు ఎట్లా చెప్పాలి, మీ అమ్మ కూడా పొరబడింది, నువ్వు కూడా పొరబడ్డావు, మీరిద్దరూ ఇన్నేళ్ళు ఒక రాయిని పట్టుకుని, ఛీ, ఇలా అనుకోవడానికే నోరు చేదైంది.

చాయ పెట్టినవా అని పక్క గదిలోంచి గొంతు, నాలుగైంది, గోడ మీద గడియారం కంటే అమ్మ ముందే లేచింది, హెప్సిబా చాయ పెట్టింది, అల్లం ఎక్కువే వేసింది, మొహం తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చున్న రాహేలమ్మ కప్పులోకి చూసి, మీగడ కట్టింది కనబడ్తాంది, ఇన్నేండ్లు నాకు తెల్వకుండ మీగడ తాగిపిచ్చినవా అంది, చాయ అయ్యేదాకా కార్డు ఊసెత్తలేదు, పండుగకు దాచుకున్న బట్టలా దాచుకుంది, కప్పు కింద పెట్టి చేతులు చీర కొంగుకు తుడుచుకుని, రెండు అరచేతులూ చాపి, తే బిడ్డా అంది, హెప్సిబా ఇచ్చింది, ఇంకేం చేస్తుంది, ఇచ్చి కిటికీ వైపు తిరిగి నిలబడింది, తనను పేరు పెట్టి పిలిచేదాకా తిరగకూడదనుకుంది, సందులో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అవడం లేదు, మళ్ళీ తన్నారు, అవడం లేదు.

ఏమే హెప్సీ, మా నాయిన తలకాయ యాడవెట్టినవే, అంది అమ్మ.

గొంతులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు, ఉప్పు డబ్బా యాడవెట్టినవే అన్నట్టు ఉంది, హెప్సిబా తిరిగింది, అమ్మా నేను మచ్చ అనుకున్న, తుడిస్తే మొహం మంచిగ కనబడ్తదనుకున్న, ఈగ మచ్చ అనుకున్ననే అంటూ చెప్పబోతుంటే రాహేలమ్మ కార్డును దూరం పెట్టి దగ్గర పెట్టి చూస్తూ, ఈగ గాదే, మా అవ్వ, మీ అమ్మమ్మ, అంది, ఇగో గీడ సగమున్నది, పదేండ్లాయె గద పెట్టక, కండ్లు గనవడకపాయె, ఏడ పెడ్తానో తెల్వక కారు మీద పెడ్తనేమో అని భయమై ఊకున్న, అంది, హెప్సిబా కుర్చీ లాక్కుని అమ్మ మోకాళ్ళ దగ్గర కూర్చుంది, ఏం పెట్టక, అంది, తలకాయ, అంది అమ్మ, ఏటా క్రిస్మస్‌కు ఇల్లు సున్నం కొట్టేటప్పుడు అవ్వ పెట్టేది, పాటల పుస్తకం ఒళ్ళ పెట్టుకోని, కాటుక డబ్బా తీసి, చీపురు పుల్ల కొసతోని, మీ నాయిన తల నెరుస్తాంది రాహేలూ, జర నల్లగ జేస్త, నువ్వు ఊపిరి వీల్చకు, మీ నాయిన మెడ వంకరవోతది అనేది, నేను ముక్కు మూసుకోని నిలబడేది, అవ్వ పోయినంక నేనే పెట్టిన.

నీకు ఎరుకేనా అమ్మా, అది రాయని, అంది హెప్సిబా, ఎంత మెల్లగా అడగాలనుకుందో అంత మెల్లగా రాలేదు మాట, రాహేలమ్మ కూతురు మొహంలోకి చూసింది, కొత్త కన్ను ఇంకా ఎర్రగానే ఉంది, నీళ్ళు తిరుగుతూ ఉంది, అది ఏడుపో మందు చుక్కలో, ఎరుకెందుకు లేదే, నా ముంగట్నే గద అవ్వ తలకాయ పెట్టింది, కబురొచ్చిన వానాకాలం, నాయిన ఏడీ, నాయిన ఏడీ అని తెల్ల ధోతి కట్టుకున్నోని వెంబడి పడి ఉరుకుతుంటినట, బజార్ల ఎవనివన్న కాళ్ళు వట్టుకుంటుంటినట, ఒకనాడు అవ్వ నన్ను ఒళ్ళ కూసోవెట్టుకోని నా అరికాలుకు చుక్క పెట్టి, అదే పుల్లతోని ఈడ చుక్క పెట్టి, ఇగో మీ నాయిన, గుండె మీద చెయ్యి వెట్టుకోని వస్తాండు, దూరమున్నది గద, వస్తాండు అన్నది, ఎవ్వని వెంబడి ఉరుకలే మళ్ళ, ఏడేండ్ల దాక నిజమే అనుకున్న, తెలివొచ్చినంక గూడ నిజమే అనుకున్న, అంది, మరి నాకెందుకు చెప్పలేదు అంది హెప్సిబా, నువ్వు అడిగినవా, ఇదెవరని అడిగినవ్, మా నాయిన అని చెప్పిన, అబద్ధమా, అని అమ్మ కార్డును ఒళ్ళో పెట్టుకుని, పుల్ల తే, అంది.

ఇంట్లో కాటుక లేదు, కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తి ఉంది, స్టీలు పళ్ళెం ఉంది, కొబ్బరినూనె ఉంది, కొవ్వొత్తి మంట మీద పళ్ళెం పట్టుకుని నిలబడిన హెప్సిబాకు నెల రోజులుగా రాసుకున్న నియమాలన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి, పాత వస్తువు మీద కొత్తగా ఏదీ చేర్చరాదు, చేర్చినదాన్ని దాచరాదు, మొదటి నియమం తప్పబోతున్నా రెండోది తప్పకూడదు అనుకుంది, పళ్ళెం దించి ముందు ఫోన్‌తో కార్డును ఫోటో తీసింది, సగం తలతో, ఏడో ఫర్లాంగు రాయితో, ఉన్నది ఉన్నట్టు, ఈసారి వరుస తప్పలేదు, ఆ తర్వాత మసి గీరి నూనె చుక్క వేసి చీపురు పుల్ల కొస చితక్కొట్టి ఇచ్చింది, రాహేలమ్మ చెయ్యి కార్డు దాకా పోయి ఆగింది, ఊపిరి వీల్చకే అంది కూతురితో, అరవై దాటిన కూతురు ఊపిరి బిగబట్టింది, ముక్కు మూసుకుని కూడా నిలబడేదే, చేతులు రెండూ అమ్మ మణికట్టును పట్టుకుని ఉన్నాయి, పుల్ల తాకింది, లేచింది, చుక్క కాస్త పెద్దదైంది, ఎడమకు ఒరిగింది, టోపీ పెట్టుకుండా ఏందే, అని రాహేలమ్మ నవ్వింది, కొండ మీద చలి గద, మంచిదేతియ్యి అని తనే సర్దుకుంది, కార్డును ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది, కన్ను ఆర్పలేదు, ఆర్పమని డాక్టరమ్మ చెప్పింది కదా అని హెప్సిబా అనబోయి ఊరుకుంది, అద్దాల పెట్టెల పెడ్తరట గద, అంది అమ్మ చివరికి, అవును, ఆదివారం, అంది హెప్సిబా, పెట్టనీ, తాళంచెవి మాత్రం నీ కాడ్నే ఉంచుకో, డిసెంబర్ల నేనుంటనో లేనో, నువ్వే పెట్టాలె గద.

కాటుక ఆరేదాకా కార్డును కిటికీ గట్టు మీద పెట్టి హెప్సిబా రిజిస్టర్ ముందర కూర్చుంది, బొమ్మ, అచ్చు, పందొమ్మిది వందల ఇరవై ఏడు లోపు, తీసినవారు తెలియదు, స్థలం, నీలగిరి, ఘాట్‌రోడ్డు, ఏడో ఫర్లాంగు రాయి దగ్గర, ముద్ర, మే, పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది, ఇక్కడిదాకా సారంగపాణి సారు చెప్పిన మూడు పుట్టినరోజులూ సరిపోయాయి, తర్వాత చేరినవి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది, మిగతా నలభై మూడింటికీ ఆ గడిలో మరక, చిరుగు, ఈగ మచ్చ అనే రాసింది, దీనికి, కాటుకతో తల, మొదట సువార్తమ్మ, ముప్పై ఎనిమిది వానాకాలం, ఆ తర్వాత ఏటా క్రిస్మస్‌కు, చివరగా రాహేలమ్మ, ఇవాళ, అని రాసింది, రాశాక తనే చదువుకుంది, చదువుకుంటే తెలిసింది, ఇన్ని రోజులూ ఆమె ఆ మనిషి ఎప్పుడు ఫోటోకు నిలబడ్డాడో వెతికింది, ఆయన ఎప్పుడూ నిలబడలేదు, నిలబెట్టారు, బాటకు ఒకటే తారీఖు, మనిషికి ఎన్ని తారీఖులో లెక్కే లేదు, చదువు రాని ఒక ఆడమనిషి చీపురు పుల్లతో ఏడాదికొకసారి ఆ కొండ ఎక్కి మొగుడికి తల పెట్టి దిగొచ్చింది, ఆమె తర్వాత బిడ్డ ఎక్కింది, అమ్మమ్మ పొరబడలేదు, ఎవరూ పొరబడలేదు, పొరబడింది చదువుకున్న తనొక్కతే, బొమ్మలో మనుషులు అన్న గడిలో పెన్సిల్‌తో రాసిన గుర్తు తెలియని వ్యక్తి ఇంకా అలాగే ఉన్నాడు, ఇంతమంది ఇన్నేళ్ళు గుర్తుపట్టిన వాడు గుర్తు తెలియని వాడెట్లా అవుతాడు అనుకుని, అదే ముద్ద రబ్బరు తీసుకుని ఆ మాటను మెల్లగా తుడిచేసి, యోసేపు, వంటమనిషి, రాహేలమ్మ తండ్రి, అని రాసింది, పెన్నుతో.